మీ ఎప్‌సెట్ ర్యాంకుకు ఓయూ, జేఎన్‌టీయూహెచ్‌లో సీటు వస్తుందా? లెక్క వేసుకోవడం ఇలా

ఎప్‌సెట్ ఫలితాలు వచ్చిన రోజు రాత్రి ఇంజినీరింగ్ ఆశావహుల ఇళ్లలో వినిపించే ప్రశ్న ఒక్కటే. ‘ఈ ర్యాంకుకు యూనివర్సిటీలో సీటు వస్తుందా?’ బాబాయి రాదంటారు. పక్కింటి ఆంటీ వాళ్ల అబ్బాయికి నిరుడు ఇదే ర్యాంకుకు వచ్చిందంటారు. ఫోన్‌లో ఏదో ప్రిడిక్టర్ యాప్ 62 శాతం అవకాశం ఉందంటుంది. మర్నాడు పొద్దున్నే ఒక కన్సల్టెన్సీ నుంచి ఫోన్: ‘మీ ర్యాంకుకు కష్టం సార్, ఇప్పుడే అడ్వాన్స్ కడితే మేనేజ్‌మెంట్‌లో ఇప్పిస్తాం.’

ఇలా కంగారులో అడ్వాన్స్ కట్టి, తర్వాత కౌన్సెలింగ్‌లో సీటు వచ్చినా ఆ డబ్బు వెనక్కి తెచ్చుకోలేక ఇబ్బంది పడే కుటుంబాలు ఉన్నాయి. వచ్చే సీటును వెబ్ ఆప్షన్లలో చేసిన చిన్న పొరపాటు వల్ల పోగొట్టుకునేవాళ్లూ ఉన్నారు. మీ అవకాశం ఎంతో చెప్పడానికి ర్యాంకు ఒక్కటే సరిపోదు. మీ కేటగిరీ, మీ స్థానికత, మీరు కోరుకునే బ్రాంచి, మీరు ఆప్షన్లు పెట్టే వరుస... ఇవన్నీ కలిస్తేనే లెక్క తేలుతుంది. ఇందుకు కావాల్సిన సమాచారం మొత్తం ప్రభుత్వ వెబ్‌సైట్‌లోనే ఉచితంగా దొరుకుతుంది. దాన్ని ఎలా చదవాలో చూద్దాం.

ముందుగా: ‘యూనివర్సిటీ సీటు’ అంటే ఏది?

ఇక్కడే చాలామంది పొరబడుతుంటారు. రాష్ట్రంలోని ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీల్లో ఎక్కువ భాగం జేఎన్‌టీయూహెచ్‌కు అనుబంధంగా ఉన్నాయి. అటానమస్ కాలేజీలను పక్కన పెడితే వాటి పరీక్షలు పెట్టేదీ, పట్టా ఇచ్చేదీ జేఎన్‌టీయూహెచ్. అందుకే ‘జేఎన్‌టీయూ కాలేజీలో సీటు’ అని ఎవరైనా చెబితే అది వర్సిటీ సొంత కాలేజీయా, అనుబంధ ప్రైవేటు కాలేజీయా అని తప్పక అడగండి.

వర్సిటీ సొంత కాలేజీలు వేరు. ఓయూకు హైదరాబాద్ క్యాంపస్‌లో 1929లో మొదలైన ఇంజినీరింగ్ కాలేజీతోపాటు టెక్నాలజీ కాలేజీ ఉంది. జేఎన్‌టీయూహెచ్‌కు కూకట్‌పల్లి ప్రధాన క్యాంపస్‌తోపాటు జగిత్యాల, మంథని, సుల్తాన్‌పూర్, సిరిసిల్ల, వనపర్తి, పాలేరులో కాలేజీలు ఉన్నాయి. వరంగల్‌లో కాకతీయ, నల్గొండలో మహాత్మాగాంధీ వర్సిటీల ఇంజినీరింగ్ కాలేజీలు ఉన్నాయి. ‘యూనివర్సిటీ’ అనగానే ఓయూ, కూకట్‌పల్లి మాత్రమే గుర్తొస్తే, మీ అవకాశాల్లో సగం మీరే కొట్టేసుకున్నట్టు.

కౌన్సెలింగ్ వెబ్‌సైట్‌లోని జాబితాలో ప్రతి కాలేజీ పేరు పక్కన అది ఏ రకమో ఉంటుంది. వర్సిటీ సొంత కాలేజీలకు ‘యూనివ్’ అనీ, ప్రైవేటు వాటికి ‘పీవీటీ’ అనీ రాస్తారు. ‘ఎస్ఎఫ్’ అని ఉంటే అది సెల్ఫ్ ఫైనాన్స్ కోర్సు. క్యాంపస్ అదే అయినా ఫీజు ఎక్కువ. కాలేజీ పేరు మాత్రమే చూసి ఆప్షన్ పెడితే, సీటు వచ్చాక ఫీజు చూసి గుండె జారుతుంది. ఫీజు కాలమ్ కూడా అదే జాబితాలో ఉంటుంది. ముందే చూడండి.

ఇంకో ముఖ్యమైన విషయం. ప్రైవేటు కాలేజీల్లో 70 శాతం సీట్లు కన్వీనర్ కోటాలో, 30 శాతం మేనేజ్‌మెంట్ కోటాలో భర్తీ అవుతాయి. వర్సిటీ సొంత కాలేజీల్లో మేనేజ్‌మెంట్ కోటా లేదు. ఓయూలోనో, జేఎన్‌టీయూహెచ్ క్యాంపస్‌లోనో ‘మేనేజ్‌మెంట్ సీటు ఇప్పిస్తాం’ అని ఎవరైనా అంటే అక్కడితో మాట ఆపేయండి.

ర్యాంకు ఎలా వస్తుంది? ఇంటర్ మార్కులకు విలువ ఉందా?

తెలంగాణ ఎప్‌సెట్ ఇంజినీరింగ్ పేపర్లో 160 ప్రశ్నలు, 160 మార్కులు. గణితం 80, ఫిజిక్స్ 40, కెమిస్ట్రీ 40. నెగెటివ్ మార్కులు లేవు. పరీక్ష చాలా సెషన్లలో జరుగుతుంది కాబట్టి ఒక సెషన్ పేపర్ కష్టంగా, మరొకటి తేలిగ్గా వచ్చిన తేడాను సరిచేయడానికి మార్కులను నార్మలైజ్ చేస్తారు. ఓసీ, బీసీ విద్యార్థులు అర్హత సాధించాలంటే 25 శాతం, అంటే 40 మార్కులు రావాలి. ఎస్సీ, ఎస్టీలకు ఈ కనీస మార్కుల నిబంధన లేదు.

ఒకప్పుడు ఇంటర్ మార్కులకు 25 శాతం వెయిటేజీ ఉండేది. కరోనా కాలంలో దాన్ని పక్కన పెట్టారు. 2023లో తెలంగాణ ప్రభుత్వం పూర్తిగా తీసేసింది. ఇప్పుడు ర్యాంకు ఎప్‌సెట్ మార్కులతోనే వస్తుంది. అలాగని ఇంటర్‌ను వదిలేయడానికి లేదు. సీటు పొందాలంటే ఇంటర్ పాసవ్వడంతోపాటు గ్రూపు సబ్జెక్టుల్లో ఓసీలకు 45 శాతం, రిజర్వేషన్ కేటగిరీలకు 40 శాతం మార్కులు ఉండాలి. మంచి ర్యాంకు ఉన్నా ఈ గీత దాటకపోతే కౌన్సెలింగ్‌లో ముందుకు వెళ్లలేరు.

ఒక బ్రాంచిలో 60 సీట్లుంటే మీకు అందుబాటులో ఉండేవి ఎన్ని?

ఒక వర్సిటీ కాలేజీలో ఒక బ్రాంచికి 60 సీట్లు ఉన్నాయనుకుందాం. రిజర్వేషన్ల ప్రకారం అవి ఇలా విడిపోతాయి:

• ఎస్సీలకు 15 శాతం: 9 సీట్లు. 2025 నుంచి ఎస్సీ వర్గీకరణ అమల్లోకి వచ్చింది. గ్రూప్-1కు 1, గ్రూప్-2కు 9, గ్రూప్-3కి 5 శాతం.
• ఎస్టీలకు 10 శాతం: 6 సీట్లు. 2022 వరకు ఇది 6 శాతమే.
• బీసీలకు 29 శాతం: బీసీ-ఏ 7, బీసీ-బి 10, బీసీ-సి 1, బీసీ-డి 7, బీసీ-ఈ 4 శాతం. అంటే బీసీ-బికి 6 సీట్లు, బీసీ-ఏ, బీసీ-డిలకు నాలుగేసి చొప్పున.
• మిగిలిన 46 శాతం, అంటే సుమారు 28 సీట్లు ఓపెన్.
• ఈడబ్ల్యూఎస్‌కు 10 శాతం. ఇవి 60కి అదనంగా కలిపే సీట్లు.

ప్రతి కేటగిరీలో మూడో వంతు సీట్లు అమ్మాయిలకు. దివ్యాంగులు, ఎన్‌సీసీ, క్రీడలు, సైనికోద్యోగుల పిల్లలకు ప్రత్యేక కోటాలు ఉన్నాయి.

ఇప్పుడు బీసీ-బి అమ్మాయి సంగతి చూడండి. ఆ బ్రాంచిలో ఆమె కేటగిరీకి ఉన్న 6 సీట్లలో రెండు అమ్మాయిలవి. ఓపెన్ సీట్లకూ ఆమె పోటీ పడొచ్చు. బీసీ-సి విద్యార్థి లెక్క వేరు. 60లో 1 శాతం అంటే ఒక సీటు కూడా పూర్తిగా రాదు. ఒక బ్రాంచిలో ఉంటుంది, పక్క బ్రాంచిలో ఉండదు. ఒక ఏడాది 5 వేల ర్యాంకుకు పోయిన సీటు మరో ఏడాది 15 వేలకు పోవచ్చు. సీట్లు తక్కువున్న కేటగిరీల్లో గత ఏడాది అంకెను మరీ గట్టిగా నమ్మకూడదు. ఓసీలాంటి పెద్ద కేటగిరీల్లో ఆ అంకె కాస్త స్థిరంగా ఉంటుంది.

చాలామందికి ఉండే అపోహ ఒకటి: రిజర్వేషన్ ఉన్నవాళ్లకు వాళ్ల కేటగిరీ సీట్లే ఇస్తారని. అది నిజం కాదు. ర్యాంకు సరిపోతే ముందు ఓపెన్ సీటు వస్తుంది. అప్పుడు ఆ కేటగిరీ సీటు తర్వాతి ర్యాంకు వారికి మిగులుతుంది.

స్థానికులు ఎవరు? విజయవాడలో ఇంటర్ చదివితే?

సీట్లలో 85 శాతం స్థానికులకే. మిగతా 15 శాతం సీట్లకు రాష్ట్ర విభజన తర్వాత పదేళ్లపాటు ఏపీ విద్యార్థులు కూడా పోటీ పడ్డారు. 2025 ఫిబ్రవరిలో ఇచ్చిన ఉత్తర్వులతో ఇది మారింది. ఆ 15 శాతం కూడా ఇప్పుడు తెలంగాణతో సంబంధం ఉన్నవారికే: ఇక్కడి స్థానికులు, రాష్ట్రం బయట చదివిన కాలం పోను తెలంగాణలో పదేళ్లు నివసించినవారు, ఇక్కడ పనిచేసే ప్రభుత్వ ఉద్యోగుల పిల్లలు వంటివారు.

స్థానికతను ముందు చదువుతోనే చూస్తారు. సాధారణ నియమం ఏమిటంటే, ఇంటర్ రెండో ఏడాదితో ముగిసే వరుస నాలుగు విద్యా సంవత్సరాలు ఇక్కడే చదివి ఉండాలి. అంటే తొమ్మిది, పది, ఇంటర్ రెండేళ్లు.

హైదరాబాద్ తల్లిదండ్రులు జాగ్రత్తగా చూసుకోవాల్సింది ఇక్కడే. పిల్లల్ని ఇంటర్‌కు విజయవాడకో, కోటాకో పంపితే ఈ నాలుగేళ్ల లెక్క తెగిపోతుంది. అప్పుడు తల్లిదండ్రుల నివాసం, మిగతా చదువు వంటి ఇతర నిబంధనల కింద అర్హత చూపించుకోవాలి. దానికి వేరే ధ్రువపత్రాలు కావాలి. సర్టిఫికెట్ల పరిశీలన రోజున ఈ సంగతి తెలిస్తే పరుగులు తప్పవు. ఆరో తరగతి నుంచి ఇంటర్ వరకు స్టడీ సర్టిఫికెట్లు అడిగేది ఇందుకే.

అసలు కీలకం: ‘లాస్ట్ ర్యాంక్’ జాబితా చదవడం ఎలా?

ఏ కాలేజీలో, ఏ బ్రాంచిలో, ఏ కేటగిరీలో చివరి సీటు ఎంత ర్యాంకుకు పోయిందో చూపే జాబితాను గత కౌన్సెలింగ్‌లవి ఎప్‌సెట్ అడ్మిషన్ల వెబ్‌సైట్‌లో ఉంచుతారు. ఏ ప్రిడిక్టర్ యాప్ అయినా చూసేది ఈ జాబితానే. దాన్ని మీరే నేరుగా చూసుకోవచ్చు.

ఒక్కో వరుసలో కాలేజీ కోడ్, పేరు, ఊరు, రకం, బ్రాంచి, తర్వాత కేటగిరీల వారీగా అబ్బాయిలు, అమ్మాయిల కాలమ్‌లు, చివర్లో ఫీజు ఉంటాయి. చదివేటప్పుడు నాలుగు విషయాలు గుర్తుంచుకోండి.

ఒకటి, మీ కాలమ్ మాత్రమే చూడండి. మీరు బీసీ-డి అమ్మాయి అయితే బీసీ-డి గర్ల్స్ కాలమ్ చూడండి. తర్వాత ఓసీ గర్ల్స్ చూడండి. రెండింటిలో ఏ అంకె పెద్దదో మీకు అదే గీత. ‘ఫలానా కాలేజీ కటాఫ్ 3 వేలు’ అని ఎవరైనా చెబితే, ఏ కేటగిరీ, ఏ బ్రాంచి, ఏ విడత అని అడగండి. ఆ మూడూ తెలియని అంకెతో లాభం లేదు.

రెండు, ఏ విడత జాబితానో చూడండి. మొదటి విడత చివరి ర్యాంకుకూ, తుది విడత చివరి ర్యాంకుకూ తేడా ఉంటుంది. ఐఐటీలు, ఎన్ఐటీల్లో సీట్లు వచ్చినవాళ్లు మధ్యలో వెళ్లిపోతారు. ఓయూ, జేఎన్‌టీయూహెచ్‌ సీట్లు ముందుగా దక్కేది ఇలాంటి టాప్ ర్యాంకర్లకే కాబట్టి, ఈ ఖాళీల ప్రభావం వర్సిటీ కాలేజీల్లో బాగా కనిపిస్తుంది. మొదటి విడతలో సీటు రాలేదని ఆశ వదులుకోవద్దు.

మూడు, ఒక్క ఏడాది కాదు, రెండు మూడేళ్ల జాబితాలు పక్కపక్కన పెట్టుకోండి. అంకెలు దగ్గరగా ఉంటే నమ్మొచ్చు. ఎగుడుదిగుడుగా ఉంటే ఆ బ్రాంచిని ‘రావచ్చు, రాకపోవచ్చు’ అనే వరుసలో వేసుకోండి.

నాలుగు, పోటీదారుల సంఖ్య మారుతుంది. 2024లో ఇంజినీరింగ్ విభాగంలో 1,80,424 మంది అర్హత సాధించారు. 2025లో 1,51,779 మందే. దాదాపు 16 శాతం తగ్గారు. 2024 లెక్కలో 10 వేల ర్యాంకు 2025లో సుమారు 8,400తో సమానమని కొందరు శాతం కట్టి చెబుతారు. అంత సూటిగా కుదరదు. తగ్గినవాళ్లు జాబితాలో కింది వైపు ఉంటే పై ర్యాంకుల్లో పెద్ద మార్పు ఉండదు. అందుకే 2024, అంతకుముందు అంకెలు వాడేటప్పుడు కొంత వెసులుబాటు ఉంచుకోండి. 2025 నుంచి స్థానికత నిబంధన కూడా మారింది కాబట్టి, ఆ తర్వాతి జాబితాలకే ఎక్కువ విలువ ఇవ్వండి.

అవకాశాన్ని ‘శాతం’లో కాదు, మూడు వరుసల్లో రాసుకోండి

ఒక కాగితం తీసుకోండి. మూడు గళ్లు గీయండి.

మొదటి గడిలో ‘ఆశ’: గత రెండేళ్ల చివరి ర్యాంకు మీ ర్యాంకు కంటే కొంచెం ముందే ఆగిపోయిన సీట్లు. మీ ర్యాంకు 9,400 అయి, మీ కాలమ్‌లో 8,000, 8,700 దగ్గర సీట్లు అయిపోయిన బ్రాంచి ఇందులోకి వస్తుంది.

రెండో గడిలో ‘దగ్గర’: చివరి ర్యాంకు మీ ర్యాంకుకు అటూఇటూ ఉన్నవి. ఒక ఏడాది 9,100, ఇంకో ఏడాది 10,200 లాంటివి.

మూడో గడిలో ‘ధీమా’: రెండు మూడేళ్లుగా మీ ర్యాంకు దాటి చాలా దూరం వెళ్లినవి.

ఓయూ, కూకట్‌పల్లి క్యాంపస్‌లలో సీఎస్‌ఈ ఓపెన్ సీట్లు తొలి ర్యాంకుల వారికే అయిపోతాయి. అదే క్యాంపస్‌లో సివిల్, మెకానికల్, మెటలర్జీ వంటి బ్రాంచిల్లో సీట్లు చాలా వెనకటి ర్యాంకుల వరకూ దొరుకుతాయి. కారణం తెలిసిందే. రాష్ట్రంలో కన్వీనర్ కోటాలో ఉన్న 80 వేలకు పైగా సీట్లలో సీఎస్‌ఈ, దాని అనుబంధ కోర్సులవే మెజారిటీ అయినా, పోటీ అంతా వాటి చుట్టూనే ఉంది. ‘వర్సిటీ క్యాంపస్సా, నచ్చిన బ్రాంచా?’ అన్న ప్రశ్న కౌన్సెలింగ్‌కు ముందే ఇంట్లో తేల్చుకోవాలి. ఆప్షన్లు పెట్టే రాత్రి తేల్చుకోవాల్సింది కాదు.

జగిత్యాల, మంథని, సుల్తాన్‌పూర్ లాంటి చోట్ల సీఎస్‌ఈకి ప్రధాన క్యాంపస్ కంటే వెనకటి ర్యాంకులకూ సీట్లు వస్తాయి. హాస్టల్లో ఉండటానికి సిద్ధపడితే వర్సిటీ ఫ్యాకల్టీ, వర్సిటీ ఫీజుతో చదువు అక్కడా దొరుకుతుంది. హైదరాబాద్ దాటనంటే ఆ గడిని ఖాళీగా ఉంచుకోవాల్సిందే.

ఆప్షన్ల వరుస: సీటు పోయేది ఇక్కడే

కంప్యూటర్ సీట్లు ఎలా కేటాయిస్తుందో తెలిస్తే సగం భయం పోతుంది. అది ర్యాంకుల వరుసలో వెళ్తుంది. మీ వంతు వచ్చినప్పుడు మీ మొదటి ఆప్షన్ చూస్తుంది. సీటు ఉంటే ఇచ్చేస్తుంది. లేకపోతే రెండోది, మూడోది... అలా కిందికి దిగుతుంది. మీ జాబితా మొత్తం చూశాకే మీ తర్వాతి ర్యాంకు వారి దగ్గరికి వెళ్తుంది.

దీన్నిబట్టి రెండు సూత్రాలు.

మొదటిది: నచ్చిన వరుసలోనే పెట్టండి, వచ్చే వరుసలో కాదు. ‘ఓయూ సీఎస్‌ఈ మొదట పెడితే, అది రాకపోతే రెండోది కూడా పోతుంది’ అనేది ఉత్త భయం. రెండో ఆప్షన్ మీ వెనక ర్యాంకు వారికి వెళ్లదు, ఎందుకంటే వాళ్ల వంతు ఇంకా రాలేదు. తిరగేసి పెడితేనే నష్టం. ఎలాగూ రాదులే అని ఓయూని కింద పెట్టి, ధీమా ఉన్న కాలేజీని పైన పెడితే, ఓయూలో సీటు ఖాళీగా ఉన్నా మీకు ఆ పై కాలేజీనే వస్తుంది.

రెండోది: ఎన్ని ఆప్షన్లు పెట్టినా పరిమితి లేదు. ఆశ, దగ్గర, ధీమా మూడు గళ్లలోవీ పెట్టండి. పదిహేను ఆప్షన్లతో ఆపేసి, ఏ సీటూ రాక, మంచి సీట్లు పోయాక రెండో విడతలో కూర్చోవద్దు. అలాగే వస్తే చేరనని తెలిసిన కాలేజీని సంఖ్య కోసం పెట్టొద్దు.

2025 మొదటి విడతలో ‘మాక్ అలాట్‌మెంట్’ కూడా తెచ్చారు. అసలు కేటాయింపునకు ముందు, మీరు పెట్టిన ఆప్షన్లతో ఏ సీటు రావచ్చో నమూనాగా చూపి, ఆప్షన్లు మార్చుకోవడానికి అవకాశం ఇచ్చారు. అలాంటి వీలు ఉన్నప్పుడు మాక్ ఫలితం చూసి పొంగిపోవద్దు, కుంగిపోవద్దు. అది చూసి అందరూ ఆప్షన్లు మారుస్తారు కాబట్టి తుది ఫలితం వేరుగా ఉండొచ్చు.

రెండో విడతలో చేసే పెద్ద తప్పు

మొదటి విడతలో సుల్తాన్‌పూర్‌లో ఈసీఈ వచ్చిందనుకుందాం. ఫీజు కట్టి, ఆన్‌లైన్‌లో సెల్ఫ్ రిపోర్టింగ్ చేశారు. ఇంకా మంచిది వస్తుందేమోనని రెండో విడతలో మళ్లీ ఆప్షన్లు పెడుతున్నారు. పాత ఆప్షన్లు చెల్లవు, కొత్తగా పెట్టాలి.

ఇక్కడ గుర్తుంచుకోవాల్సింది ఒకటే. రెండో విడతలో కొత్త సీటు వస్తే పాతది దానంతట అదే రద్దవుతుంది. వేరొకరికి వెళ్లిపోతుంది. మళ్లీ అడిగినా రాదు. కాబట్టి మీ చేతిలో ఉన్న సీటు కంటే నిజంగా మెరుగనుకున్నవే పెట్టండి. పాత జాబితాను కాపీ చేసినట్టు అన్నీ పెడితే, కింద ఎక్కడో ఉన్న ప్రైవేటు కాలేజీ వచ్చి వర్సిటీ సీటు పోవచ్చు. చేతిలో ఉన్న సీటుతో తృప్తిగా ఉంటే అసలు ఆప్షన్లు పెట్టకండి. ఆ సీటు మీదే.

సెల్ఫ్ రిపోర్టింగ్ గడువు దాటితే సీటు రద్దవుతుందని కూడా మర్చిపోవద్దు. ‘సీటు వచ్చిందిగా, కాలేజీ తెరిచాక వెళ్దాం’ అనుకుని పోగొట్టుకోవద్దు.

కాలేజీ వచ్చింది, బ్రాంచి నచ్చలేదు అనేవారికి చివర్లో ‘ఇంటర్నల్ స్లైడింగ్’ ఉంటుంది. అదే కాలేజీలో ఖాళీ ఉన్న వేరే బ్రాంచికి మారొచ్చు. 2024 నుంచి దీన్ని కూడా కన్వీనరే నిర్వహిస్తున్నారు.

ఫీజు లెక్క ఎందుకు ముఖ్యం?

2022-25 కాలానికి ప్రైవేటు కాలేజీల వార్షిక ఫీజులు కనిష్ఠంగా 45 వేల నుంచి గరిష్ఠంగా లక్షన్నర దాటి ఉన్నాయి. ఆదాయ పరిమితి లోపు ఉన్న బీసీ, ఈబీసీ విద్యార్థులకు ప్రైవేటు కాలేజీల్లో 10 వేల లోపు ర్యాంకు వస్తేనే పూర్తి ఫీజు రీయింబర్స్‌మెంట్. ర్యాంకు అది దాటితే ఏటా 35 వేల వరకే ప్రభుత్వం ఇస్తుంది. ఎస్సీ, ఎస్టీలకు ఈ ర్యాంకు పరిమితి లేదు.

12 వేల ర్యాంకు వచ్చిన బీసీ విద్యార్థి లక్ష ఫీజున్న ప్రైవేటు కాలేజీలో చేరితే, నాలుగేళ్లకు ఇంటి నుంచి కట్టాల్సింది 2.60 లక్షలు. ‘వర్సిటీలో ఈసీఈనా, ప్రైవేటులో సీఎస్‌ఈనా’ అని తేల్చుకునేటప్పుడు ఈ అంకె కూడా ఆ కాగితం మీద ఉండాలి.

కాగితాలు ముందే సిద్ధం చేసుకోండి

• ఆదాయ ధ్రువపత్రం ఆ ఏడాది జనవరి 1 తర్వాత తీసుకున్నదై ఉండాలి. ఇది లేకపోతే సీటు పోదు కానీ రీయింబర్స్‌మెంట్ పోతుంది.
• ఈడబ్ల్యూఎస్ సర్టిఫికెట్ ప్రస్తుత ఆర్థిక సంవత్సరానిదై ఉండాలి. నిరుడు తీసుకున్నది చెల్లదు. చూపించలేకపోతే మిమ్మల్ని ఓసీగానే లెక్కిస్తారు.
• కుల ధ్రువపత్రంలో పేరు, పదో తరగతి మెమోలో పేరు ఒకేలా ఉన్నాయో చూసుకోండి.
• ఆరో తరగతి నుంచి ఇంటర్ వరకు స్టడీ సర్టిఫికెట్లు, టీసీ తీసి పెట్టుకోండి. స్కూళ్లు వేసవి సెలవుల్లో ఉంటాయి. చివరి వారంలో వెళ్తే దొరకవు.
• స్లాట్ బుకింగ్‌లో ఇచ్చే ఫోన్ నంబరు ఇంట్లో అందుబాటులో ఉండేదే ఇవ్వండి. ఓటీపీలన్నీ దానికే వస్తాయి. పాస్‌వర్డ్, ఓటీపీ ఎవరికీ, ముఖ్యంగా ఆప్షన్లు పెట్టి ఇస్తామనే నెట్ సెంటర్లకూ, ఏజెంట్లకూ చెప్పొద్దు.

ఏపీలో చదివితే లెక్క వేరు

ఏపీ ఈఏపీసెట్‌లో ఇంటర్ వెయిటేజీ ఇంకా ఉంది. ఎంట్రన్స్‌కు 75 శాతం, ఇంటర్ గ్రూపు సబ్జెక్టుల మార్కులకు 25 శాతం. అందుకే ఎంట్రన్స్‌లో ఒకే మార్కులు వచ్చిన ఇద్దరికి ఇంటర్ మార్కులను బట్టి ర్యాంకులు వేర్వేరుగా వస్తాయి. ఆంధ్ర, శ్రీవెంకటేశ్వర వర్సిటీలు, కాకినాడ, అనంతపురం జేఎన్‌టీయూల సొంత కాలేజీలు అక్కడి కౌన్సెలింగ్‌లో ఉంటాయి. అక్కడ స్థానికతను ఏయూ, ఎస్వీయూ ప్రాంతాల వారీగా చూస్తారు. కాబట్టి చివరి ర్యాంకుల జాబితాలో మీ ప్రాంతానికి చెందిన అంకెలే చూసుకోవాలి.

వర్సిటీ సీటు రాకపోతే?

బీటెక్ ఒక్కటే వర్సిటీకి దారి కాదు. నిజాం కాలేజీ, సైఫాబాద్ సైన్స్ కాలేజీ ఓయూ సొంత కాలేజీలే. కోఠి మహిళా కాలేజీ ఇప్పుడు వర్సిటీ అయింది. ఇలాంటి చోట్ల డిగ్రీ సీట్లు ‘దోస్త్’ ద్వారా, ఎంట్రన్స్ లేకుండా, ఇంటర్ మార్కులతో వస్తాయి. ఎప్‌సెట్ ఫలితం తేలే వరకు ఆగి, దోస్త్ మొదటి విడత వదిలేసుకుంటే అక్కడ మంచి సీట్లు ముందే అయిపోతాయి. రెండింటికీ సమాంతరంగా దరఖాస్తు చేయండి.

ఈ రాత్రికి చేయాల్సిన పని చిన్నదే. రెండేళ్ల చివరి ర్యాంకుల జాబితాలు డౌన్‌లోడ్ చేసుకోండి. ‘యూనివ్’ అని ఉన్న వరుసలు విడిగా తీయండి. మీ కాలమ్ ఒక్కటే చూసి మూడు గళ్లు నింపండి. అది పూర్తయ్యేదాకా ఎవరికీ రూపాయి అడ్వాన్స్ కట్టకండి.